కర్టెన్ రాడ్డు గోడలో నిలవట్లేదా? చెక్క పట్టీ ఇలా వేసుకోండి

మీ సమస్య నాకు అర్థమైనంతవరకు ఇదండీ. ఆరడుగుల కిటికీ, దానిపైన రెండు వరసల కర్టెన్లు, బ్రాకెట్ల కోసం మీరే డ్రిల్ పట్టుకుని దిగారు. ఒకచోట అంగుళం లోపలికి వెళ్లి బిట్టు మొరాయించింది, ఇంకోచోట ప్లాస్టరింగ్ పెచ్చులూడి బొటనవేలు పట్టేంత బొక్క పడింది, మూడోచోట బెజ్జంలో దింపిన ప్లాస్టిక్ ప్లగ్గు స్క్రూతో పాటే గిరగిరా తిరిగి చేతికొచ్చేసింది. వడ్రంగి వచ్చి చూసి "అడ్డంగా ఒక చెక్క పట్టీ కొట్టి, దానిమీద బ్రాకెట్లు బిగించుకోండి" అని ఒక మాట పడేసి వెళ్లిపోయాడు. ఆ పట్టీ ఆగుతుందా, ఎంత మందం కావాలి, దాన్ని మాత్రం ఏ స్క్రూలతో పట్టించాలి అని అడుగుతున్నారు.

వడ్రంగి సరిగ్గానే చెప్పాడు. ఇరవై ఏళ్లుగా ఇళ్ల లోపలి పనులు చేయిస్తున్నాను, అందులో సగం నా చేతులతోనే చేస్తుంటాను, బరువైన కర్టెన్లయితే ఇప్పుడు నేరుగా గోడకు బ్రాకెట్ వేయడమే మానేశాను. కాకపోతే పట్టీ ఎందుకు పనిచేస్తుందో తెలియకుండా వేస్తే, మూడు బెజ్జాల్లో వచ్చిన తలనొప్పి ఆరు బెజ్జాల్లో వస్తుంది. అందుకని ముందు అది చెప్తాను.

బ్రాకెట్‌కి ఉండే రెండు మూడు బెజ్జాలు ఒకదానికొకటి రెండు అంగుళాల లోపే ఉంటాయి, అవి ఎక్కడ పడాలో కంపెనీవాడు నిర్ణయించేశాడు, రాడ్డు ఎక్కడ ఉండాలో కిటికీ నిర్ణయించింది. సరిగ్గా ఆ చోట గోడ లోపల ఏముందో ఎవరూ అడగలేదు. కిటికీ పైన కాంక్రీటు లింటెల్ (పై గోడని మోసే అడ్డ దూలం) ఉంటుంది, అందులో ఇనుప చువ్వలుంటాయి, లింటెల్ అయిపోయినచోట ఇటుక మొదలవుతుంది, ఆ రెండిటి మధ్య సిమెంటు అతుకు, వీటన్నిటి మీదా అర అంగుళం నుంచి ముప్పావు అంగుళం ప్లాస్టరింగ్. మీ మొదటి బెజ్జం ప్లాస్టరింగ్ దాటి కాంక్రీటుకు తగిలి ఆగింది. రెండోది బహుశా అతుకులోనో, బోలుగా ఉన్న ప్లాస్టరింగ్‌లోనో పడింది. పట్టీ వేస్తే ఈ గొడవ పోతుంది, ఎందుకంటే ఏడడుగుల పొడవులో గోడ ఎక్కడ ఒప్పుకుంటే అక్కడ స్క్రూ వేసుకోవచ్చు, బ్రాకెట్ మాత్రం కర్టెన్‌కి ఎక్కడ కావాలో అక్కడే చెక్కకి బిగించుకోవచ్చు. ఒక బెజ్జం పాడైతే రెండంగుళాలు పక్కకి జరిగి ఇంకోటి వేస్తారు, పాడైంది పట్టీ వెనక దాక్కుంటుంది. ఇంత క్షమించే పని ఇంట్లో ఇంకోటి లేదు.

బరువు గురించి చాలామంది అనవసరంగా భయపడతారు, భయపడాల్సిన దాని గురించి భయపడరు. లెక్క చూడండి. రెండు మీటర్ల చిల్లర రాడ్డుకి కుచ్చిళ్లతో కలిపి రెట్టింపు గుడ్డ, అంటే నాలుగు మీటర్ల పైచిలుకు, ఎత్తు 2.4 మీటర్లు, మొత్తం 10 చదరపు మీటర్లు. చదరపు మీటరుకి 300 గ్రాముల గుడ్డయితే 3 కిలోలు, వెనక వరసకి 200 గ్రాముల గుడ్డ వేస్తే ఇంకో 2 కిలోలు. రాడ్లు, బ్రాకెట్లు కలిపినా ఏడెనిమిది కిలోలు దాటదు. మంచి ప్లగ్గులకి ఇదేం బరువు కాదు. అసలు దెబ్బ రెండుచోట్ల నుంచి వస్తుంది. ఒకటి, బ్రాకెట్ గోడ నుంచి ముందుకి పొడుచుకొచ్చి ఉంటుంది. రాడ్డు గోడకి 10 సెంటీమీటర్ల దూరంలో ఉండి, పై స్క్రూ బ్రాకెట్ కింది అంచుకి 5 సెంటీమీటర్ల పైన ఉంటే, రాడ్డు మీద వేలాడే ప్రతి కిలోకీ పై స్క్రూని రెండు కిలోల బలం బయటికి లాగుతుంది. రెండోది, పిల్లలు. కర్టెన్ పట్టుకుని ఊగే 15 కిలోల పిల్లాడు ఒక బ్రాకెట్ మీద పడితే ఆ ఒక్క పై స్క్రూ మీద 30 కిలోల లాగుడు, అదీ కుదుపుతో. మా ఇంట్లో మొదటి రాడ్డు అలాగే ఊడింది, దాంతో పాటు అరచేయంత ప్లాస్టరింగ్ కూడా, అదృష్టం కొద్దీ పిల్లాడి పక్కన పడింది. చూస్తే నేను వేసిన పొట్టి స్క్రూలు పట్టుకున్నది ఉత్త ప్లాస్టరింగ్‌నే.

ఇక చెక్క విషయం. వెడల్పు 75 నుంచి 100 మిల్లీమీటర్లు, మందం 20 దగ్గర, ఇది సరిపోతుంది. 12 మిల్లీమీటర్ల పట్టీలు కూడా వేస్తుంటారు కానీ అందులో బ్రాకెట్ స్క్రూకి పట్టు చాలదు. అలాగని 40 మిల్లీమీటర్ల దూలం వేయాల్సిన పని కూడా లేదు, అది ముందుకు వచ్చినకొద్దీ రాడ్డు కూడా ముందుకొస్తుంది, స్క్రూల మీద లాగుడు పెరుగుతుంది. పొడవు కిటికీకి రెండు పక్కలా ఆరేసి అంగుళాలు ఎక్కువ, మీకైతే ఏడడుగులు. ఒకే ముక్క ఉండాలి. రెండు ముక్కలు అతికి "పెయింట్ వేస్తే కనపడదులే" అనేవాళ్ల మాట వినకండి, ఆ అతుకు సరిగ్గా మధ్య బ్రాకెట్ దగ్గరికే వస్తుంది.

టేకే కావాలని లేదు. బాగా ఆరిన, తిన్నగా ఉన్న ఏ చెక్కయినా ఫర్వాలేదు. కొనేటప్పుడు పట్టీ ఒక కొస కంటి దగ్గర పెట్టుకుని, రెండో కన్ను మూసి, అంచు వెంబడి చూడండి, బాణంలా కనిపించాలి. విల్లులా కనిపిస్తే పక్కన పెట్టేయండి, గోడకి బిగిస్తే సర్దుకుంటుందనుకోవద్దు. 18 మిల్లీమీటర్ల నీళ్లకు తట్టుకునే ప్లైవుడ్ నుంచి కోయించుకున్న పట్టీ కూడా భేషుగ్గా ఉంటుంది, నిజానికి వంకర తిరగదు కాబట్టి నాకదే ఇష్టం. ఎండీఎఫ్ (చెక్క పీచు అదిమి చేసిన బోర్డు) మాత్రం వద్దు. చెమ్మ తగిలిందంటే ఉబ్బుతుంది, ఒకసారి స్క్రూ ఊడదీసి మళ్లీ బిగిస్తే పట్టు సగం పోతుంది.

పెయింటో పాలిషో వేసేది గోడకి పెట్టకముందే వేయండి, ముఖ్యంగా వెనకవైపు, కొసలు. ఎవరూ చూడరని వెనక వదిలేస్తారు, చెమ్మ వచ్చేదీ చెద ఎక్కేదీ అక్కడి నుంచే. అసలు ఆ గోడకే చెమ్మ ఉంటే, వర్షాకాలంలో కిటికీ పైన మరకలు కనిపిస్తుంటే, ముందు అది బాగుచేయించుకోండి. తడి గోడ మీద పట్టీ వేయడం అంటే చెదపురుగులకి నిచ్చెన వేయడమే.

గోడలో ఏముందో తెలుసుకోవడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు, డ్రిల్ పొడి చూడండి. మొదట వచ్చేది ప్లాస్టరింగ్ పొడి, మెత్తగా లేత బూడిద రంగులో ఉంటుంది. ఆ తర్వాత ఎర్రగా వస్తే ఇటుక. బూడిద రంగే కొనసాగుతూ బిట్టు ముందుకు పోవడానికి ఏడిపిస్తుంటే కాంక్రీటు. వెన్నలో దిగినట్టు దిగిపోతూ తెల్లటి పొడి జలజలా రాలిపోతుంటే తేలికపాటి బ్లాకుల గోడ. ఒక్కసారిగా ప్రతిఘటన లేకుండా బిట్టు లోపలికి జారిపోతే బోలు బ్లాకు, లేదా అతుకులో ఖాళీ. కీచుమని లోహపు మోత వచ్చి అక్కడే ఆగిపోయి, పొడిలో మెరిసే రజను కనిపిస్తే చువ్వ తగిలినట్టు. చువ్వతో కుస్తీ పట్టకండి, లింటెల్‌కి ప్రాణం అదే. ఒక అంగుళం పక్కకో పైకో జరగండి. లింటెల్‌లో బలమైన చువ్వలు కింది అంచుకి దగ్గరగా అడ్డంగా పడుకుని ఉంటాయి కాబట్టి కిటికీ అంచుకి మరీ ఆనుకుని బెజ్జం వేయకుండా నాలుగంగుళాల పైన వేస్తే చాలావరకు తప్పించుకోవచ్చు.

కరెంటు మాట మర్చిపోకండి. కిటికీ పక్కన స్విచ్‌బోర్డు ఉంటే దాని నుంచి నిలువుగా పైకి పైపు వెళ్తుంటుంది, ఏసీ పాయింటు ఉంటే దాని దారి వేరు. ఆ నిలువు గీతల్లో రెండు పక్కలా అర అడుగు వదిలేయండి. పట్టీ వేస్తున్నాం కాబట్టి ఆ వదిలేసే వెసులుబాటు మనకి ఉంది. అనుమానం ఉంటే ఆ గది లైను కట్టేసి, డ్రిల్‌కి వేరే గది నుంచి వైరు లాక్కోండి.

స్క్రూ ఎంత పొడవు కావాలో దుకాణంలో అడిగితే ఎవరికి తోచింది వాళ్లు చెప్తారు, మీరే కూడుకోండి. పట్టీ 20, ప్లాస్టరింగ్ 15, ప్లగ్గు 40, దాని కొస దాటి ఇంకో 5, వెరసి 80 మిల్లీమీటర్లు. మందం 5 మిల్లీమీటర్ల స్క్రూ, 8 మిల్లీమీటర్ల నైలాన్ ప్లగ్గు, 8 మిల్లీమీటర్ల బిట్టు. ఈ లెక్కలో అసలు సంగతి ఏంటంటే, ప్లగ్గు ప్లాస్టరింగ్‌లో ఉండకూడదు. దాన్ని గోడ ముఖానికి సమంగా ఆపేస్తే స్క్రూ బిగించేటప్పుడు అది ప్లాస్టరింగ్‌లోనే విచ్చుకుని పెచ్చు లేపుతుంది, మీ రెండో బెజ్జానికి జరిగింది ఇదే అయ్యుండొచ్చు. ఒక మేకు తలకిందులుగా పెట్టి ప్లగ్గుని ఇంకో అర అంగుళం పైనే లోపలికి తట్టండి, ఇటుకలోనో కాంక్రీటులోనో కూర్చోవాలి. అందుకే బెజ్జం లోతు ప్లగ్గు కన్నా చాలా ఎక్కువ కావాలి, గోడ ముఖం నుంచి 70 మిల్లీమీటర్లు. బిట్టు మీద ఆ కొలతకి ఇన్సులేషన్ టేపు చుట్టుకుంటే సరి.

ఈ నైలాన్ ప్లగ్గుని 1958లో జర్మనీలో ఆర్తుర్ ఫిషర్ అనే ఆయన కనిపెట్టాడు. ఇలాంటి రెడీమేడ్ ప్లగ్గులు రాకముందు ఉలితో గోడ తవ్వి, చెక్క బిరడా దిగ్గొట్టి దానికి స్క్రూ వేసేవాళ్లు. ఇప్పటికీ ప్లగ్గు వదులైతే అగ్గిపుల్లలు కూరమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. ఫొటో ఫ్రేముకి పనికొస్తుందేమో గానీ కర్టెన్‌కి కాదు, చెక్క ఆరినకొద్దీ కుంచించుకుపోయి ఒకనాడు చేతికొస్తుంది. బెజ్జం వదులైతే ఒకటే మాట, వదిలేసి పక్కన వేయండి.

ఇప్పుడు పని మొదలుపెట్టే వరస. ముందు పట్టీని నేలమీద పెట్టి మూడు బ్రాకెట్లు ఎక్కడొస్తాయో పెన్సిల్‌తో గీయండి, రెండు కొసల్లో రెండు, మధ్యలో ఒకటి. ఆ గీతల లోపల గోడ స్క్రూ రాకూడదు, వస్తే దాని తల బ్రాకెట్‌కి అడ్డం పడుతుంది. ఆ తర్వాత గోడ స్క్రూలకి గుర్తులు. కొసల నుంచి మూడంగుళాలు వదిలి మొదటివి (మరీ కొసకి వేస్తే చెక్క చీలుతుంది), మధ్యలో అడుగున్నర మించకుండా మిగతావి, ఏడడుగులకి ఆరు స్క్రూలు. అన్నీ ఒకే గీతలో వద్దు, పట్టీ పై అంచే గోడని వదిలి రావాలని చూస్తుంది కాబట్టి నాలుగు పైభాగంలో, రెండు కిందిభాగంలో వేయండి.

చెక్కలో బెజ్జం స్క్రూ కన్నా కాస్త వదులుగా ఉండాలి, 5 మిల్లీమీటర్ల స్క్రూకి ఐదున్నరో ఆరో. ఇది చాలామంది పట్టించుకోని విషయం. చెక్కలో బెజ్జం బిగుతుగా ఉంటే స్క్రూ మరలు చెక్కని కూడా పట్టుకుంటాయి, అప్పుడు మీరెంత తిప్పినా పట్టీకీ గోడకీ మధ్య వచ్చిన సందు అలాగే ఉండిపోతుంది. వదులుగా ఉంటే స్క్రూ తల చెక్కని గోడకేసి నొక్కుతుంది. స్క్రూ తల చెక్కలో మునిగేలా బెజ్జం నోరు కొంచెం వెడల్పు చేసుకోండి.

మట్టం దగ్గర ఒక మాట. ఒకసారి రసమట్టం పెట్టి, బుడగ నడిమధ్యకి తెచ్చి, దారం కట్టినట్టు పట్టీ వేశాను. కిందికి దిగి చూస్తే ఇంటావిడ "వంకరగా ఉందండీ" అంది. నిజమే, వంకరగానే ఉంది, ఎందుకంటే ఆ గది పైకప్పు ఏడడుగుల్లో దాదాపు అంగుళం వాలింది, కిటికీ చట్రం ఇంకో దిక్కుకి పోయింది. మట్టం కరెక్టు, కన్ను ఒప్పుకోలేదు. పట్టీ పైకప్పుకి దగ్గరగా వస్తుంటే పైకప్పుతో సమానంగా, కిటికీకి దగ్గరగా వస్తుంటే కిటికీ చట్రంతో సమానంగా వేయండి. రెండిటికీ దూరంగా ఉంటేనే రసమట్టం మాట వినండి. తేడా ఎక్కువుంటే మధ్యస్థంగా సర్దండి, కాకపోతే పట్టీ మరీ వాలితే రింగులు ఒక పక్కకి జారతాయి, అది చూసుకోండి.

గోడమీద ఆరు గుర్తులూ ఒకేసారి పెట్టి ఆరు బెజ్జాలూ వేసేయకండి. బిట్టు రెండు మిల్లీమీటర్లు పక్కకి జారడం మామూలే, ఆరిట్లో రెండైనా కలవవు. ఒక మనిషి సాయంతో పట్టీ ఎత్తి పట్టుకుని, ఒక కొస బెజ్జంలోంచి మేకుతో గోడమీద చిన్న గాటు పెట్టండి. పట్టీ దించి అది ఒక్కటే డ్రిల్ చేసి, ప్లగ్గు దింపి, పట్టీ పెట్టి స్క్రూ సగం బిగించండి. ఇప్పుడు పట్టీ ఆ కొస మీద తిరుగుతుంది, మట్టం సరిచూసుకుని రెండో కొస గుర్తు పెట్టండి, దాన్నీ బిగించండి. రెండు కొసలూ ఆగాక మధ్య నాలుగిటికీ పట్టీ బెజ్జాల్లోంచే గుర్తులు పెట్టుకుని, ఒక కొస స్క్రూ తీసి పట్టీని కిందికి వేలాడనిచ్చి, నాలుగూ డ్రిల్ చేయొచ్చు. కాస్త ఎక్కువ సమయం పడుతుంది, అంతే. ఒకవేళ గోడ బెజ్జం కొంచెం తప్పితే పట్టీ బెజ్జాన్ని కోలగా సాగదీసి సర్దుకోవచ్చు.

డ్రిల్ చేసేటప్పుడు మొదట హామర్ మోడ్ (బిట్టు తిరుగుతూనే సుత్తిలా కొట్టే పద్ధతి) లేకుండా మెల్లగా తిప్పి ప్లాస్టరింగ్ దాటండి, పెచ్చు లేవదు. ఇటుకకి మెల్లటి హామర్ చాలు. కాంక్రీటు అయితే మామూలు ఇంపాక్ట్ డ్రిల్‌తో భుజాలు పోతాయి తప్ప పని కాదు, బిట్టు కొస నీలంగా మారి అరిగిపోతుంది, ఒకరోజుకి రోటరీ హామర్ (కాంక్రీటుకి వాడే పెద్ద డ్రిల్) అద్దెకి తెచ్చుకోండి, దానికి ఒక్కో బెజ్జం అర నిమిషం పని. కళ్లద్దాలు పెట్టుకోండి, తల పైన డ్రిల్ చేస్తుంటే పొడి అంతా కంట్లోకే. బెజ్జం కింద ఒక పాత కవరు నోరు తెరిచి టేపుతో అంటిస్తే నేల ఊడ్చే బాధ తప్పుతుంది. ప్లగ్గు దింపేముందు బెజ్జంలో పొడి ఊదేయండి, నేరుగా నోటితో కాదు, చిన్న పైపుతోనో వాక్యూమ్‌తోనో. పొడి మిగిలితే ప్లగ్గు కూర్చోదు, తిరుగుతుంది. మీ మూడో బెజ్జం సంగతి ఇదేనని నా అనుమానం.

స్క్రూలు చివరి బిగింపు చేతి స్క్రూడ్రైవర్‌తో చేయండి. గోడ గుంటగా ఉన్నచోట పట్టీ వెనక సందు వస్తే స్క్రూతో లాగి గుంటలోకి వంచకండి, పట్టీ వంగితే రాడ్డు కూడా వంకరగా కనిపిస్తుంది. ఆ సందులో సన్మైకా ముక్కో పలచటి ప్లై ముక్కో దోపి అప్పుడు బిగించండి. పై అంచు వెంట మిగిలిన సన్నటి సందు పెయింటర్లు వాడే ఫిల్లర్‌తో పూడిస్తే పట్టీ గోడలో భాగంలా కనిపిస్తుంది. పట్టీకి గోడ రంగే వేస్తే ఇంకా మంచిది, కర్టెన్ వేలాడాక అసలు అది ఉన్నట్టే తెలియదు.

బ్రాకెట్లకి 16 మిల్లీమీటర్ల చెక్క స్క్రూలు చాలు, బ్రాకెట్ రేకు మందం ఎక్కువైతే 20. అంతకన్నా పొడవువి వేస్తే కొస పట్టీ దాటి గోడకి తగిలి, పట్టీనే ముందుకి నెడుతుంది. స్క్రూ మందంలో సగం ఉన్న బిట్టుతో ముందు సన్న బెజ్జం వేసుకోండి, గట్టి చెక్కయితే ఇది తప్పనిసరి, లేకపోతే స్క్రూ తల తెగి మిగతా కాడ లోపల ఉండిపోతుంది.

గోడ తేలికపాటి బ్లాకులదని తేలితే హామర్ అసలు వాడొద్దు, బెజ్జం గరాటులా పెద్దదైపోతుంది. ఆ బ్లాకుల కోసమే అమ్మే పొడవాటి ప్లగ్గులు అడిగి తెచ్చుకోండి, ఆరు స్క్రూలకి బదులు ఎనిమిది వేయండి. జిప్సం బోర్డు గోడయితే బోర్డుని నమ్మకండి, వెనక ఉన్న నిలువు చట్రం వెతకండి, అది సాధారణంగా 400 లేదా 600 మిల్లీమీటర్లకి ఒకటి ఉంటుంది, చిన్న అయస్కాంతం దారానికి కట్టి గోడమీద జరిపితే బోర్డు స్క్రూల దగ్గర అతుక్కుని చోటు చెప్తుంది. పట్టీ స్క్రూలు ఆ చట్రంలోకే దిగాలి.

గ్లూతో అంటించొచ్చా అని కూడా అడిగారు. గ్లూ పట్టుకునేది పెయింట్‌ని, పెయింట్ పట్టుకునేది పుట్టీని. పిల్లాడు ఊగిన రోజున మూడూ కలిసి వస్తాయి. స్క్రూలకి తోడుగా వేస్తే వేయండి, కానీ రేపు పట్టీ తీయాలంటే గోడ చర్మం కూడా ఊడుతుంది.

కర్టెన్లు ఎక్కించేముందు ఒక్కో బ్రాకెట్ దగ్గర రాడ్డుని రెండు చేతులతో పట్టుకుని కిందికి గట్టిగా లాగి చూడండి, కళ్లు మాత్రం పట్టీ పై అంచు మీద ఉంచండి. అక్కడ వెంట్రుకంత సందు తెరుచుకున్నా దగ్గరున్న స్క్రూ పట్టలేదని అర్థం, దాని పక్కన ఇంకోటి వేయండి. ఇంతకీ ఆ మూడు బెజ్జాల్లోంచి రాలిన పొడి ఏ రంగులో ఉందో చూశారా? కిటికీ గట్టు మీద ఇంకా ఉంటే చూసి చెప్పండి, ప్లగ్గు ఏది తెచ్చుకోవాలో ఖాయంగా చెప్తాను.